కూషీయుడి పాతగుడ్డలు

మా సండే స్కూలు టీచరమ్మ ఇక లేరని నాచారం బస్టాపులో తెలిసింది. ఉప్పల్‌లో ఆమె పక్కింట్లో ఉండే ఆవిడ నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, "పొద్దుగాల చాయ్ దాగి గట్లనే గోడకు ఒరిగింది బిడ్డా. నిద్రవోయిందనుకున్నం" అంది. నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఎందుకో టీచరమ్మ ముఖం గుర్తుకు రాలేదు. ఆమె ఇంటి బావి, గిలక, చేదతాడు పట్టుకునేచోట చుట్టిన పాతచీర ముక్క కళ్లముందు ఆడాయి.

మా చిన్నతనంలో ఉప్పల్‌లో ఇళ్లకన్నా బండరాళ్లు, తాటిచెట్లే ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నాలు నాచారం పిల్లలం మట్టిబాటన నడిచి ఆమె ఇంటికి వెళ్లేవాళ్లం. దాహమేస్తే మేమే నీళ్లు తోడుకోవాలి. అయితే అరచేతికి కూడా ఒక గుడ్డ చుట్టుకుంటేగాని తాడు ముట్టనిచ్చేవారు కాదు. "తాడు కోస్తది, జర పైలం" అనేవారు. చినిగిన గుడ్డ ఏదీ ఆ ఇల్లు దాటేది కాదు. ఉతికి, మడిచి, దూలానికి వేలాడే మూటలో దాచేవారు. ఆమె చేతిసంచిలోనూ ఎప్పుడూ ఒకటో రెండో ముక్కలుండేవి.

నేను నల్లగా ఉంటాను. ఇప్పుడైతే నవ్వుతూ చెబుతున్నాను గానీ అప్పట్లో నా దిగులంతా అదే. క్రిస్మస్ నాటకంలో దేవదూతలంతా తెల్లటి పిల్లలే, నా చోటు గొర్రెల వెనక. పౌడరు ఎంత అద్దుకున్నా ముఖం బూడిద పూసినట్టే తేలేది. ఒకసారైనా దూతను కావాలని రాత్రీపగలూ ప్రార్థన చేసేదాన్ని.

టీచరమ్మ గోడమీది క్యాలెండరులో ప్రవక్తలూ శిష్యులూ అందరూ పాలరంగులో ఉండేవారు. "గీ బొమ్మ గీసినాయన ఆ ఎండల తిరిగినట్టు లేడు" అని ఒకరోజు నవ్వి, బొగ్గుముక్కతో గచ్చు మీద ఐగుప్తు దేశపు పటం గీశారు. దాని కింద కూషు దేశం. అది ఆఫ్రికా అనీ, అక్కడివాళ్లు నల్లనివాళ్లనీ, బైబిల్లో అటువైపు వాళ్లు ఎంతోమంది ఉన్నారనీ చెప్పారు. మోషే పెళ్లాడిన కూషు స్త్రీ. ప్రభువు సిలువ మోసిన కురేనే ఊరాయన. రథంలో కూర్చుని ప్రవక్త మాటలు చదువుకుంటూ పోయిన, ఇతియోపియా రాణిగారి అధికారి. "మన పల్లెలకు వాక్యం రాకముందే ఆయన బాప్తిస్మం దీస్కొని సంబురంగ ఇంటికి వోయిండు" అనేవారు, సొంత మేనమామ సంగతి చెబుతున్నట్టు.

అందరిలోకీ ఆమెకు ఇష్టుడు రాజుగారి ఇంట్లో పనిచేసే కూషీయుడు. నిజం చెప్పాడని ఒక ప్రవక్తను బురదగోతిలో దించితే ఊరంతా ఊరుకుంది. ఈయనొక్కడే రాజు దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. తాళ్లతో పాటు పాతగుడ్డలు కూడా గోతిలోకి దించి, తాడు కోయకుండా చంకల కింద పెట్టుకోమని, ఆయన్ను మెల్లగా పైకి లాగాడు. ఆ మాట దగ్గర టీచరమ్మ గొంతు తగ్గిపోయేది. ఎండకు మా కళ్లు మూతలు పడేవి. ఆ మగతలో ఉప్పల్ బాట మీద, తాటిచెట్ల మధ్య, భుజాన మూటతో ఒక నల్లటాయన మావైపే వస్తూ కనిపించేవాడు. అచ్చం మా నాన్నలా ఉండేవాడు.

ఆ ఏడు క్రిస్మస్‌కు ఆ కథే నాటకం వేశాం. తెల్లటి పిల్లవాడికి మసి పూసి కూషీయుణ్ణి చేద్దామన్నారు ఒక సంఘపెద్ద. "మసి ఎందుకయ్యా, మా బిడ్డ జేస్తది" అని టీచరమ్మ నన్ను ముందుకు తీసుకొచ్చారు. నాకు దూత వేషమే కావాలని ఏడ్చాను. ఆమె పక్కన కూర్చుని, "దూతలు మాట జెప్పి పోతరు. ఈయన, గుంజుతే ఆ బక్కాయన చంకలు కోసుకపోతయేమోనని సోంచాయించిండు. గట్ల సోంచాయించేటోళ్లు నాకు గావాలె" అన్నారు.

తీరా స్టేజి మీద మూట విప్పితే గంజి వదలని కొత్త తువ్వాళ్లు! "పండుగ పూట పాతగుడ్డలేంది, ఇజ్జత్ పోతది" అని మా అమ్మే మార్చేసింది. గోనెసంచుల గోతిలో ప్రవక్త ఎదురుచూస్తున్నాడు. జనం నవ్వుతున్నారు. తువ్వాలు చేత్తో తడిమి, "ఇవి గరుకున్నయి టీచరమ్మా, కోస్తయి" అని గట్టిగానే అనేశాను. ఆమె సంచిలోంచి తన ముక్కలు తీసి నావైపు విసిరారు. నాటకమయ్యాక నన్ను దగ్గరికి తీసుకుని, "పాతయే మెత్తగుంటయి బిడ్డా. నీకు ఎరుకైంది" అన్నారు. ఆ తర్వాత నేను పౌడరు డబ్బా జోలికి పోలేదు. ఆ ఒక్కందుకే ఆమెకు బతుకంతా రుణపడి ఉన్నాను.

మొన్న సమాధులతోటకు వెళ్లేముందు ఆమె ఇంటికి వెళ్లి, దూలం మీది మూట దింపుకున్నాను. పెట్టె దించడానికి కొత్త తాళ్లు తెచ్చారు. "ఆగన్నా" అని, పెట్టె కింద తాడు ఒత్తుకునేచోటల్లా పాతగుడ్డలు సర్దాను. "పెట్టెకు నొప్పి ఏంది చెల్లే?" అన్నాడు తాడు పట్టుకున్నాయన. అంటూనే ఒక ముక్క అందుకుని తన అరచేతికి చుట్టుకున్నాడు. మిగతావాళ్లూ చేతులు చాపారు.

పెట్టె మెల్లగా దిగింది. తాళ్లు పైకి వచ్చేశాయి, పెట్టె కింది గుడ్డలు ఆమె దగ్గరే ఉండిపోయాయి. సాయంత్రపు ఎండలో నా కళ్లు మూతలు పడ్డాయి. పైనెక్కడో రెండు నల్లటి చేతులు, తొందరేమీ లేకుండా, తాడు గుంజుతున్నాయి.