విజయ క్లాసు చూడటానికి వాషర్‌మెన్‌పేట్ దాకా

నాయుడుపేటలో మా బళ్ళో నేను చాలా ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెప్తున్నాను. పోయిన నెల స్టాఫ్ మీటింగులో మా హెడ్మాస్టరు గారు గోడ మీద ఒక వీడియో వేశారు. చెన్నైలో ఒక చిన్న తెలుగు మీడియం బడి. టీచరు తన ఫోనును టీవీకి కలిపింది. పిల్లలు ఏఐని ప్రశ్నలు అడుగుతున్నారు, వచ్చిన జవాబు మీద వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటున్నారు. వీడియో అయ్యాక సారు నా వైపు తిరిగి, "ఈవిడ మీతో బీఈడీ చేసినావిడే కదమ్మా, ఒకసారి వెళ్ళి చూసి రాకూడదూ" అన్నారు. ఆ టీచరు విజయ. నెల్లూరు హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. టీచింగ్ ప్రాక్టీసులో నాకు ఆమెకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఇప్పుడది ఎవరికీ అక్కర్లేని సంగతే, కానీ వీడియో నడిచినంతసేపూ నా బుర్రలో తిరిగింది ఇదొక్కటే.

కుళ్ళుకున్నాను, అంతే. ఇంకో మాట వెతకను. మా పిల్లలు కూడా ఏఐ వాడతారు, కాకపోతే నాకు తెలియకుండా వాడతారు. హోంవర్కు తెచ్చిస్తే ముప్పై పుస్తకాల్లో ఒకే వాక్యం ఉంటుంది, అందులో ఒక్క అక్షరదోషం ఉండదు. నేను తిడతాను, వాళ్ళు తల వంచుకుంటారు, మర్నాడు మళ్ళీ అదే. అలాంటిది విజయ క్లాసులో చేతులు ఎలా లేస్తున్నాయి? వీడియో కోసం ముందే నేర్పి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ నాటకమేదో కళ్ళారా చూడాలనే బయల్దేరాను. రెండో శనివారం మాకు సెలవు, వాళ్ళకి బడి ఉంది. విజయకు ఫోన్ చేస్తే, "రావే రాధా, మా హెడ్మిస్ట్రెస్‌కి నేను చెప్తాను" అంది. ఆ సంతోషం కూడా నాకు నచ్చలేదు.

ఇటువైపు నుంచి వెళ్ళేవాళ్ళకు దారి సులువే. నాయుడుపేట నుంచి సూళ్ళూరుపేటకు తెల్లవారుజామునే బస్సులుంటాయి. అక్కడి నుంచి చెన్నైకి లోకల్ రైలు. టిక్కెట్టుకు పాతిక రూపాయలు కూడా కాలేదు. గుమ్మిడిపూండి దాకా కిటికీ పక్కనే కూర్చోవచ్చు, ఆ తర్వాత ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళు ఎక్కుతారు, కాళ్ళు ముడుచుకోవాల్సిందే. ఎన్నూరు దగ్గర రైలు నీళ్ళ మీదుగా పోతుంటే ఒక పక్క థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఇంకో పక్క బురదలో దిగి వల లాగుతున్న మనుషులు. అంతా కిటికీ పట్టుకుని చూస్తున్నారు. నేను మాత్రం విజయకు చెప్పబోయే విమర్శను మనసులో వరసపెట్టుకుంటున్నాను. "బాగుంది గానీ" అని మొదలుపెట్టాలని కూడా అనుకున్నాను.

సెంట్రల్ దాకా వెళ్ళకుండా కొరుక్కుపేటలో దిగి షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. డ్రైవరు నా మాట వినగానే తెలుగులోకి మారాడు.

"తెలుగు బడికా అమ్మా? మా నాయన ఆడనే చదివినాడు. నేనూ ఆడనే."

"మీ పిల్లలు?"

"పెద్దది రెండేండ్లు చదివింది. ఆనక తమిళం బడికి మార్చేసినాం. ఇంట్లో నేను తెలుగులో అడిగితే అది తమిళంలో జవాబు చెప్తాది." అద్దంలోంచి నన్ను చూసి నవ్వి, "అయినా అర్థమవతాది లెండి" అన్నాడు.

బడి వాషర్‌మెన్‌పేట్ బట్టల కొట్ల సందులో, పై అంతస్తులో ఉంది. మెట్ల దగ్గర పెచ్చులూడిన గోడ చూసి నాకు కాస్త హాయిగా అనిపించింది. మా బడి గోడలు దీనికంటే నయం. విజయ పైనుంచే చూసి ఎదురొచ్చింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది, నవ్వు మారలేదు. తొమ్మిదో తరగతి గదిలోకి తీసుకెళ్ళి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఉన్నది పదకొండు మంది. వీడియోలో కెమెరా దగ్గరగా పెట్టడం వల్ల గది నిండినట్టు కనిపించిందన్నమాట. ఇదీ గుర్తుపెట్టుకున్నాను.

పాఠం ఘర్షణ. బల్ల మీద క్యారమ్ బోర్డు ఉంది. ఆ పేటలో క్యారమ్ ఆడని ఇల్లు ఉండదట. విజయ ఒక ప్రశ్న ఇచ్చింది: ఒక బరువు స్ట్రైకరు, ఒక తేలిక స్ట్రైకరు, రెంటినీ ఒకే వేగంతో వదిలితే ఏది ముందు ఆగుతుంది? ముందు ఎవరి జవాబు వాళ్ళు రాసుకోవాలి, అప్పుడే ఫోను తీయాలి. రాయడం అయ్యాక ఎస్తేరు అనే అమ్మాయి లేచి ఫోనులో ప్రశ్న అడిగింది. టీవీ మీద జవాబు వచ్చింది, మంచి పుస్తకాల తెలుగులో. ద్రవ్యరాశి అధికంగా ఉన్నప్పుడు ఘర్షణ బలం అధికంగా ఉంటుంది, కాబట్టి బరువైన స్ట్రైకరు ముందుగా ఆగిపోతుంది.

"మన తెలుగులో చెప్పు ఎస్తేరూ" అంది విజయ.

"బరువుంటే ఎక్కువ రాసుకుంటాది. అందుకని బెరీన నిలిచిపోతాది."

"ఒప్పుకుంటామా?"

ఒక్కటి తప్ప అన్ని చేతులూ లేచాయి. విజయ కూడా తల ఊపబోతోంది. అది తప్పు. ఘర్షణ ఎక్కువైన మాట నిజమే, కానీ బరువైనదాన్ని ఆపడమూ అంతే కష్టం. ఒకే వేగంతో బయల్దేరితే రెండూ ఒకే చోట ఆగాలి. ఇంత దూరం వచ్చింది దీనికోసమే అన్నట్టు లేచి నిలబడ్డాను. "విజయా, ఆ జవాబు తప్పు" అన్నాను. ఆ మాట అంటుంటే నాకు కలిగిన సంతోషం పాఠానికి సంబంధించింది కాదని నాకు తెలుసు.

విజయ చాక్‌పీసు నా చేతిలో పెట్టింది. నేను బోర్డు మీద సూత్రం రాశాను, రెండు వైపులా ఉన్న ద్రవ్యరాశిని కొట్టేశాను, వేగం తగ్గే తీరు రెంటికీ ఒకటేనని తేల్చాను. మా బళ్ళో ఏటా చేసేదే. తిరిగి చూస్తే పిల్లలు మర్యాదగా ఊరుకున్నారు. ఇందాక చెయ్యెత్తని అమ్మాయి ఒకతె ఉంది, పేరు పవిత్ర. ఆమె నెమ్మదిగా లేచింది.

"మిస్, ఆడ బరువుని కొట్టేసినారే. అది యాడికి పోయింది?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మా పిల్లలు నేను కొట్టేస్తే వాళ్ళూ కొట్టేస్తారు, గీత కూడా నేను గీసినట్టే గీస్తారు. నాకు జవాబు తెలుసు గానీ ఆ అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పడానికి తడబడ్డాను. ఎక్కడికీ పోలేదమ్మా, ఆపేవాడి బలం ఎంత పెరిగిందో, ఆగననేవాడి మొండితనమూ అంతే పెరిగింది, ఇద్దరూ సరికి సరి అన్నాను. "అయితే చూద్దాం మిస్" అంది పవిత్ర. రెండు స్ట్రైకర్లకి ఒకే వేగం ఎట్లా ఇస్తామని విజయ అడిగితే క్లాసంతా ఆలోచించారు. చేత్తో కొడితే కుదరదు. చివరికి ఒక పలకను వాలుగా పెట్టి, ఒకే ఎత్తు నుంచి జారవిడవచ్చని విజయా నేనూ కలిసి తేల్చాం. బోర్డు మీద పౌడరు చల్లి, స్ట్రైకర్లకి బదులు ఒకసారి ఒక్క కాయిన్, ఇంకోసారి రెండు కాయిన్లు ఒకదాని మీద ఒకటి అంటించి వదిలాం. రెండూ ఇంచుమించు ఒకే చోట ఆగాయి. మళ్ళీ వదిలాం. మళ్ళీ అంతే. ఎస్తేరు ఫోను దగ్గరికి పరిగెత్తి, నువ్వు చెప్పింది తప్పు అని చెప్పింది. అది క్షమాపణ చెప్పి జవాబు మార్చింది. పిల్లలు నవ్వారు.

"అది అన్నిటికీ సారీ చెప్తాది మిస్" అంది ఎస్తేరు నాతో. "ఇప్పుడు ఒప్పుని తప్పని చెప్పినా సారీ చెప్తాది. చూడండి." నిజంగానే చెప్పించి చూపించింది.

బెల్లు కొట్టాక వరండాలోకి వచ్చాం. అక్కడ పవిత్ర వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఒక ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని, యూనిఫారంలోనే వచ్చింది.

"మిస్, పాప టీసీ కావాల. పెరంబూరులో మా అక్క ఇంటికాడ తమిళం బడి ఉండాది. పైకి చదవాలంటే అదే మేలంటా ఉండారు అందరూ."

"ఈ ఏడాది అయ్యాక చూద్దామా అమ్మా?" అంది విజయ.

"ఇల్లె మిస్, అట్ల కాదు, ఇప్పుడే చేర్చుకుంటారంట. తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటానే ఉంటాం కదా." ఆమె గొంతులో గట్టితనం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది.

"సరే, సోమవారం రండి. రెడీగా పెడతాను."

పవిత్ర మా ఇద్దరి వైపూ చూసి, వాళ్ళమ్మ వెనకాల మెట్లు దిగింది. ఆ క్షణంలో నాకేమనిపించిందో దాచను. వీడియోలో ఉన్నదంతా విజయకి నిలవదులే అనిపించింది, కొంచెం తేలికపడ్డాను. ఆ వెంటనే విజయ మొహం చూశాను. అప్పుడు నా తేలిక మీద నాకే రోత పుట్టింది.

భోజనానికి పక్క వీధిలో ఒక చిన్న మెస్‌కు తీసుకెళ్ళింది. చేపల పులుసుతో భోజనం తొంభై రూపాయలు. వండి వడ్డించే కమలమ్మ నాది నాయుడుపేట అని తెలిసి ఆగింది. "మీ నెల్లూరోళ్ళు పులుసులో మామిడికాయ వేస్తారు కదా. మా ఆయనకి సరిపడదు, చింతపండు మాత్రమే. బాగలేదని మొహం పెట్టొద్దు" అని ఇంకో ముక్క వేసింది. పులుసు బాగుంది. అటు వెళ్తే ఒంటిగంటలోపే వెళ్ళండి, తర్వాత చేప ఉండదు, పులుసే ఉంటుంది.

తింటూ తింటూ చెప్పేశాను. "నేను నీ తప్పు పట్టుకోడానికే వచ్చాను విజయా."

"తెలుసు. లేచి నిలబడ్డప్పుడే తెలిసింది. హాస్టల్లో కూడా నీది అదే మొహం."

"మరి చాక్‌పీసు ఎందుకిచ్చావు?"

"ఇవ్వకపోతే? నేనూ ఒప్పేసుకునేదాన్ని రాధా. ఆ జవాబు నాకు సరిగ్గానే ఉందనిపించింది. పదకొండు మందీ తప్పు నేర్చుకుని ఇంటికి పోయేవాళ్ళు." పులుసు అన్నంలో కలుపుకుని మళ్ళీ అందుకుంది. "అందరూ వీడియో చూసి నేనేదో కొత్త పద్ధతి కనిపెట్టానంటారు. అదేం లేదు. పుస్తకంలో తెలుగు మా పిల్లలకి రాదు, కూడబలుక్కుని చదువుతారు. వాళ్ళ తెలుగు పుస్తకంలో ఉండదు. ఆ మధ్యలో నేనొక్కదాన్నే అన్ని సబ్జెక్టులూ చెప్పి చెప్పి గొంతు పోయింది. అప్పుడు ఫోను పట్టుకున్నా. అది పుస్తకం తెలుగులో చెప్తుంది, పిల్లలు వాళ్ళ తెలుగులోకి మార్చుకుంటారు. నీ క్లాసులో ఎంతమంది?"

"నలభై రెండు."

విజయ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నలభై రెండు మంది. అందరూ తెలుగు చదువుతారా?"

"చదువుతారు."

"గడగడా?"

"గడగడా."

నేను హెడ్మాస్టరు గారి వీడియోను ఎలా చూశానో, ఆమె నా వైపు అలా చూసింది. నాకు బాగా తెలిసిన చూపు అది.

ఆ మధ్యాహ్నం ఖాళీ క్లాసులో కూర్చుని పాఠం ఎలా తయారు చేసుకుంటుందో చూపించింది. ఏ ప్రశ్న అడగాలి, ఏ జవాబును నమ్మకూడదు, పిల్లలకు ఫోను ఎప్పుడు ఇవ్వకూడదు. వెళ్ళేముందు, "శనివారాల్లో నీ పిల్లల్నీ నా పిల్లల్నీ వీడియోలో కూర్చోబెడదామా" అని అడిగింది. చూద్దాంలే అన్నాను. రైలు పొన్నేరి దాటాక హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "ఎలా ఉందమ్మా, నిజమేనా?" అన్నారు. ఏఐ తప్పు చెప్పిందని, పదకొండు మందే ఉన్నారని, అందులోనూ ఒకరు వెళ్ళిపోతున్నారని నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. "నిజమే సార్" అన్నాను. అంత చిన్న మాట చెప్పడానికి అంత కష్టపడటం నాకు గుర్తులేదు. పెట్టేశాక విజయకు, శనివారం సరేనని మెసేజ్ పెట్టాను.

మొన్న శనివారం మొదటిసారి కూర్చోబెట్టాం. పాఠం మా పిల్లలు చదివారు, గడగడా. అటువైపు విజయ పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు, నాకు గర్వంగా అనిపించింది. తర్వాత ఏఐని ప్రశ్న అడిగాం. జవాబు తెర మీదికి రాగానే మా నలభై రెండు మందీ పెన్నులు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. అటునుంచి ఎస్తేరు గొంతు వినిపించింది. "మిస్, వాళ్ళేంది అప్పుడే రాసుకుంటా ఉండారు? మనం ఇంకా ఒప్పుకోలేదు కదా." మావాళ్ళ పెన్నులు ఆగాయి. అందరూ నా వైపు చూశారు. అటు పది మందే ఉన్నారు. పవిత్ర కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు, దాని లెక్క మారింది. మొదట విజయకు వచ్చిన పేరు చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఆ పిల్లలు టీచరునూ, యంత్రాన్నీ, బోర్డు మీద రాసిన సూత్రాన్నీ ఒకే తీరుగా ప్రశ్నించడం చూసి కుళ్ళుకుంటున్నాను. ఆ గుణం యాప్‌లో రాలేదు, విజయ గొంతు పోగొట్టుకుని తెచ్చిపెట్టింది. నా పిల్లలకు అది నేను ఇవ్వలేదు. ఇవ్వాలంటే నేను కొట్టేసిన ప్రతిదాని గురించీ యాడికి పోయిందని అడిగించుకోవాలి. అడిగితే ఓర్చుకోవాలి. అంత దూరం వెళ్ళింది వేరే పనికి, వెంట తెచ్చుకున్నది ఈ పని.

మీలో ఎవరైనా ఇలా ఇంకో టీచరు క్లాసు చూడటానికి వెళ్తుంటే ఒక్క సలహా. సూళ్ళూరుపేట వైపు మధ్యాహ్నం రైలుంది కదా అని క్లాసు అవ్వగానే బయల్దేరకండి. సాయంత్రం రైలుకే రండి. క్లాసు చూస్తే ఆ టీచరు ఏం చేస్తోందో తెలుస్తుంది, ఎందుకు చేస్తోందో మాత్రం ఆమెతో కలిసి అన్నం తింటేనే తెలుస్తుంది.