ఫిల్ము ఆరేదాకా

మెట్‌పల్లి దగ్గరి ఒక సర్కారు దవాఖానకు రేడియోగ్రాఫర్‌గా బదిలీ మీద వచ్చేనాటికి నా సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. గృహహింస చట్టం వచ్చి మూడు నాలుగేళ్లయింది. డిజిటల్ యంత్రాలు మా దాకా ఇంకా రాలేదు. ఎక్స్‌రే తీశాక ఫిల్మును చీకటి గదిలో మందునీళ్లలో కడిగి, క్లిప్పుకు వేలాడదీసి ఆరబెట్టేవాళ్లం.

ఆ వానకాలం ఒక పొద్దున రజిత అనే బీడీ కార్మికురాలు ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకొని వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. వెంట భర్త. డ్యూటీ డాక్టర్ నస్రీన్ రాసిన చీటీలో 'పొలం గట్టున జారిపడినట్లు భర్త చెప్పారు' అని ఉంది. చెప్పింది ఎవరో కూడా రాయడం ఆమె అలవాటు.

భర్త లోపలికి రాబోయాడు. "ఆమెకు భయం మేడం, నేను పక్కన్నే ఉంట" అన్నాడు. రేడియేషన్ ఉంటుంది, పేషెంటు తప్ప ఎవరూ ఉండకూడదని చెప్పి తలుపు వేశాను. అది నిబంధనే. ఓపీలో, కట్లు కట్టే గదిలో అతను భార్య పక్కన నిలబడొచ్చు. నా గదిలో వీల్లేదు.

ఆడవాళ్లకు ఎక్స్‌రే తీసేముందు నెల తప్పిందేమో అడగాలి. అడిగాను. లేదంది. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి, కడిగి, తడి ఫిల్మునే లైటు పెట్టెకు ఆనించి చూశాను. మోచేతి కింద రెండు ఎముకలుంటాయి. జారిపడుతూ అరచెయ్యి ఆనిస్తే సాధారణంగా మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక విరుగుతుంది. రజితకు విరిగింది చిటికెనవేలి వైపుది, సరిగ్గా నడుమన. దానికి కాస్త పైన ఇంకో పాత విరుపు వంకరగా అతుక్కొని ఉంది.

రోగనిర్ణయం రాసే అధికారం రేడియోగ్రాఫర్‌కు లేదు. అడగడానికి అధికారం అక్కర్లేదు.

"ఈ చెయ్యి ఇంతకుముందు కూడ ఇరిగింది. కట్టు ఎక్కడ కట్టించుకున్నవ్?"

"కట్టించుకోలే. పసుపు పెట్టి గుడ్డ సుట్టుకున్న" అంది. ఫిల్ము వైపు చూస్తూ మళ్లీ చెప్పింది. "తలకు తగులుతదని చెయ్యి అడ్డం పెట్టిన మేడం. అప్పుడు గట్లనే, నిన్న గట్లనే. పారకట్టెతోని కొట్టిండు."

డాక్టరమ్మకు చెబితే మెడికో-లీగల్ కేసుగా రాస్తుందని, పోలీసులకు చీటీ పోతుందని వివరించాను.

"రాయుండ్రి. గని జర ఆగుండ్రి. నా బిడ్డ బడిల ఉన్నది. గీ సంగతి ఎరుకైతే ముందుగాల దాన్ని ఎత్తుకపోతడు. ఒకపారి గట్లనే చేసిండు."

నా ఫోను ఇచ్చాను. పక్క ఊళ్లో ఉన్న తమ్ముడికి చేసి, "తమ్మీ, పొల్లను బడికాడికెళ్లి అవ్వ దగ్గరికి తీసుకపో. ఇప్పుడేం అడగకు" అని పెట్టేసింది.

చీకటి గదికి వెనక ఇంకో తలుపుంది. అటునుంచి వెళ్లి డాక్టర్ నస్రీన్‌కు ఫిల్ము చూపించాను. ఆమె చూసి, "కేసు ఇప్పుడే రాస్తా. పోలీసులకు చీటీ పిల్ల చేరినంక పంపుదాం. అప్పటిదాక మీ ఫిల్ము ఆరలే" అంది.

భర్త రెండుసార్లు తలుపు కొట్టాడు. వానకాలం, ఆరడానికి టైం పడుతుందని చెప్పాను. తడి ఫిల్ము చూసి కూడా కట్టు కట్టొచ్చని అతనికి తెలియదు, నేను చెప్పలేదు.

గంట తర్వాత ఫోను మోగింది. "అమ్మా, అమ్మమ్మ కాడున్న" అంటూ పిల్ల గొంతు. రజితకు ఇచ్చాను. విని, ఫోను నా చేతిలో పెట్టి, "ఇగ పంపుండ్రి" అంది.

ఆమెను ఆడవాళ్ల వార్డులో చేర్చారు. పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకున్నారు. తర్వాత నేను కోర్టుకు సాక్షిగా వెళ్లాను. మీరు డాక్టరు కారు కదా అని భర్త తరఫు వకీలు అడిగాడు. కానని, ఆ ఫిల్ము ఎవరి చేతిదో, ఏ రోజు తీశానో చెప్పడానికే వచ్చానని జవాబిచ్చాను. పడితే అలా విరగడం అరుదని ఎముకల డాక్టరు చెప్పారు. రజిత అదే ఇంట్లో ఉండొచ్చని, భర్త ఆ గడప తొక్కకూడదని మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చారు. చెయ్యి అతుక్కున్నాక ఆమె మళ్లీ బీడీలు చుట్టింది.

అంతకుముందు చెయ్యి విరిగి వచ్చిన ప్రతి ఆడమనిషినీ "ఎట్ల పడ్డవ్?" అని అడిగేదాన్ని. జవాబు నేనే అందిస్తున్నానని తోచలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా "ఏమైంది?" అనే అడిగాను, పక్కన ఎవరూ లేనప్పుడు. చెప్పినవాళ్లను, ఇప్పుడు ఏం చేయమంటావని కూడా అడిగాను. ఏ పని ముందు, ఏది వెనక అన్నది ఆ ఇంట్లో బతికిన మనిషికే తెలుస్తుంది.