కోడలు పెట్టిన మందు

కోవిల్‌పట్టిలో తెలుగు మాట్లాడే ఇళ్ళలో మందుకి మూడు అర్థాలు. జబ్బుకి వేసుకునేది మందు. అగ్గిపుల్ల తలకి అంటించేది మందు. మొగుణ్ణి కొంగుకి కట్టుకోవడానికి పెళ్ళాం అన్నంలో కలిపేదీ మందే. మొదటిది డాక్టరిస్తాడు, రెండోది ఫ్యాక్టరీలో ఉంటుంది. మూడోది ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పరు కానీ, ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరికి పెట్టేసి ఉంటారు.

నేను వేసుకుంటున్నది మొదటిది. మా అమ్మ మూడోదనుకుంది.

విరుదునగర్‌లో ఒక మిరపకాయల వ్యాపారి దగ్గర లోడ్లు పంపే పని నాది. రోజూ కోవిల్‌పట్టి నుంచి బస్సు. శ్రద్ధ విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ కొంచెం ఇబ్బంది. కొంచెం అంటే, విరుదునగర్‌లో దిగడం మరిచి మదురై చూసి వచ్చిన రోజులున్నాయి. ఒకసారి ధనియాలు అడిగిన వాళ్ళకి మిరపకాయలు పంపాను. మా ముదలాళి, అదే మా యజమాని, అరవలేదు. “ఇంకొక్కసారి ఇట్ల జరిగితే...” అని, వాక్యం మధ్యలో ఆపేశాడు. పనులు మధ్యలో ఆపేయడం నా అలవాటు, ఆయనది కాదు. అందుకే భయమేసింది.

మా ఆవిడ నన్ను విరుదునగర్‌లోనే ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నా బడి రోజుల నుంచి ఆరా తీశాడు, ఈసీజీ తీయించాడు, బీపీ చూశాడు. పెద్దవాళ్ళలోనూ ఉండే ఏకాగ్రత లోపం అన్నాడు. ఇన్నాళ్ళూ నేను దాన్ని నా స్వభావం అనుకున్నాను. బంధువులు ఇంకా చిన్న మాటతో సరిపెట్టేవారు.

మాత్ర రాస్తూ చాలా చెప్పాడు. పొద్దున టిఫిను తిన్నాక ఒక్కటే. మరిచిపోతే సాయంత్రం వేసుకోకూడదు, నిద్ర పట్టదు. పని ఎక్కువుందని రెండు మింగకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు, తాళం వేసి ఉంచాలి. నాటుమందైనా సరే, తనతో చెప్పకుండా దీనితో పాటు ఏదీ తీసుకోకూడదు. బీపీ గానీ నాడి గానీ పెరిగితే మాత్ర ఆపేయాల్సి వస్తుంది. ఇదంతా మా ఆవిడ చెబితే రాస్తున్నాను. నాకు గుర్తున్నది ఆయన జేబు మీది ఇంకు మరక.

మాత్ర పనిచేసింది. అద్భుతాలేమీ జరగలేదు. విరుదునగర్‌లో దిగాను. ధనియాలు ధనియాలుగానే వెళ్ళాయి. ఇంట్లో ఎవరైనా మాట్లాడితే చివరిదాకా విన్నాను. ఆ అనుభవం నాకు కొత్త, వాళ్ళకి ఇంకా కొత్త.

మానసిక వైద్యుడంటే బెంగపడుతుందని అమ్మతో ఏమీ చెప్పలేదు. అందుకని ఆమె చూసింది ఇంతే. రోజూ ఇడ్లీలయ్యాక కోడలు బీరువా తాళం తీస్తుంది, గుప్పిట్లో ఏదో తెస్తుంది, కొడుకు కిక్కురుమనకుండా మింగుతాడు, ఆపైన కోడలు చెప్పిందల్లా చేస్తాడు. ఇంత సాక్ష్యం ఉంటే నేనైనా అదే తీర్పు ఇచ్చేవాణ్ణి.

ఒకరోజు అమ్మ నన్ను పెరట్లో పట్టుకుంది.

“ఏమిరా, ఆమె చెప్పినాదని కొళాయి బాగుచేస్తివంట?”

“చేస్తిని మా.”

“నేను ఎన్నాళ్ళుగా చెప్తా ఉండాను! అప్పుడు చెవులు ఏడ పెట్టింటివి?”

“ఇప్పుడు బాగా వినిపిస్తాది మా.”

“ఆఁ, వినిపిస్తాది. ఎట్ల వినిపిస్తాదో నాకి తెలీదా?”

ఆ మర్నాటి నుంచి, నేను బస్సు దిగి ఇంటికి రాగానే అమ్మ స్వయంగా సుక్కుకాఫీ ఇవ్వసాగింది. శొంఠి ఘాటు వెనక మరేదో చేదు. ప్రేమ అనుకుని తాగాను. కొద్దిరోజులకి గుండె మరమగ్గంలా కొట్టుకోవడం మొదలైంది. మాత్ర ఎక్కువైందేమో, సగం చేస్తానన్నాను.

“నీవేమన్నా డాక్టరా బావా? పోయి ఆయన్నే అడుగుదాం,” అంది మా ఆవిడ.

మాత్ర ఆపేస్తే ధనియాలు మళ్ళీ మిరపకాయలవుతాయి, ముదలాళి తన వాక్యం పూర్తి చేస్తాడు. ఆ బెంగతో బయలుదేరాను. ఆస్పత్రి అనగానే అమ్మ కూడా చీర మార్చుకుని వచ్చింది.

డాక్టరు బీపీ చూసి మొహం చిట్లించాడు. వేరే మందేమైనా వాడుతున్నాడా అని తమిళంలో అడిగాడు. తమిళంలోనూ ఆ మాటకి అవే మూడు అర్థాలు. అమ్మ దానికోసమే కాచుకుని ఉంది. అక్కడి మాటలన్నీ తమిళమే, ఇంటి భాషలోకి మార్చి చెబుతున్నాను.

“పెట్టినారు సార్. ఇదో, ఈమే!” అని కోడల్ని చూపించింది.

ఆయన మాత్రల అట్ట చూపించాడు. “ఇదా? ఇది నేను ఇచ్చిన మందమ్మా.”

అమ్మ ఆయన్ని కింద నుంచి మీదికి చూసింది. “వీడు పెళ్ళాం మాట వింటే మీకేం వస్తాది సార్?”

“అత్తా, నేను పెట్టేదాన్నైతే పెండ్లైన మర్నాడే పెట్టుందును. ఇన్నేండ్లు ఆగుదునా?” అంది మా ఆవిడ.

డాక్టరు నవ్వలేదు. “దానికి మీరు విరుగుడేమైనా ఇచ్చారా?” అన్నాడు.

అమ్మ ఫ్యాను కేసి చూసింది. “వత్రాప్ ఊరి కాడ ఒకామె ఇచ్చిన పొడి. సుక్కుకాఫీలో. రవ్వంతే.”

“అందులో ఏముంది?”

“అది చెప్తే పలించదంట.”

ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఈ మాత్ర గుండెని కొంచెం పరుగెత్తిస్తుంది, దాని మీద ఏముందో తెలియని పొడి పడితే ఏం జరిగేదో ఎవరూ చెప్పలేరు. పొడి పూర్తిగా మానెయ్యాలి. మాత్ర కూడా తను మళ్ళీ చూసేదాకా ఆపాలి. గుండె అనే మాటకి అమ్మ మొహం పాలిపోయింది. బస్సులో ఇంటిదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

లోడ్ల క్షేమం కోరి నేను సెలవు పెట్టాను. మందు లేని కొడుకు అమ్మకి పూర్తిగా దక్కాడు. కొబ్బరికాయ తెమ్మంటే కొబ్బరిచీపురు తెచ్చాను. ఆమె మోకాళ్ళ నొప్పి గురించి చెబుతుంటే మధ్యలో లేచి వెళ్ళి ఎదురింటివాళ్ళతో క్రికెట్ చూశాను. పాలు పొయ్యి మీద పెట్టి, తర్వాత ఆ వాసన ఏమిటని ఆమెనే అడిగాను.

తర్వాత వెళ్ళినప్పుడు బీపీ, నాడి మామూలుకి వచ్చాయి. తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టనా అని డాక్టరు నన్ను అడిగాడు. జవాబు అమ్మ చెప్పింది.

“పెట్టండి సార్. సీక్రంగా పెట్టండి.”

ఇప్పుడు బీరువా తాళం అమ్మ కొంగున ఉంది. ఇడ్లీలయ్యాక ఒక్కటే ఇస్తుంది, నోరు తెరిపించి మింగానో లేదో చూస్తుంది, రెండో కాఫీ అడిగితే గుండె పేరు చెప్పి కళ్ళురుముతుంది. నేను ఆమె మోకాళ్ళ కథ చివరిదాకా వింటున్నాను.

మా ఆవిడ మాత్రం కొన్నాళ్ళుగా మమ్మల్నిద్దర్నీ అదోలా చూస్తోంది. నేను అమ్మ మాట మరీ ఎక్కువగా వింటున్నానట.