నక్క కరిచిన కుక్కతో మూసారాంబాగ్ దాకా

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న అరవై తొమ్మిదిలో మేం దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఇంటి వెనక ద్రాక్షతోటలు. పళ్ల కోసం నక్కలు వచ్చేవి, నక్కల కోసం మా కుక్క వెళ్లేది. ఓ పొద్దున చెవి చీరుకుపోయి తిరిగొచ్చింది.

నక్క కాటుతో పిచ్చి పట్టొచ్చు. గాయాన్ని సబ్బుతో బాగా కడిగి, వెంటనే సూదులు మొదలుపెట్టించాలి. కడగడం నా చేతిలో పని. సూదులు సర్కారు చేతిలో ఉన్నాయి. ఆ రోజు బంద్.

ఇంటి యజమానురాలిది నల్గొండ వైపు. "దాన్ని హయత్‌నగర్ దిక్కు ఇడిసిపెట్టుండ్రి సార్, పిల్లలు తిరిగే ఇల్లు" అంది. ఆమె భయం న్యాయమే. పెరట్లో కట్టేసి ఉంచుతానని బతిమాలుకున్నాను. ఊరంతా ప్రత్యేకం కోసం కొట్లాడుతుంటే ముందుగా దక్కింది మా కుక్కకే: ప్రత్యేక గిన్నె.

బస్సుల్లేవు. తాడు పట్టుకుని నడిచాను. మూసారాంబాగ్ దగ్గర కుర్రాళ్లు రోడ్డుకడ్డంగా రాళ్లు పేర్చి నిలబడ్డారు. ఎక్కడికని అడిగారు. నోరు విప్పితే యాస బయటపడుతుంది, విప్పకపోతే అనుమానం. విప్పాను.

"కుక్కను నక్క కరిచిందండీ. పశువుల ఆస్పత్రికి."

"ఏ ఊరు సార్ మీది?"

"నాది బెజవాడ. కుక్క మాత్రం ఇక్కడే పుట్టింది."

"గట్లయితే కుక్కను పోనియ్యిండ్రిరా," అన్నాడొకడు. "సార్ దాని ఎంబడొచ్చిండు."

అలా కుక్క పుణ్యాన వెళ్తే ఆస్పత్రికి తాళం. ఉద్యోగులూ సమ్మెలో ఉన్నారట. నేనూ ఉద్యోగినే గనుక ఎవర్నీ తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

మర్నాడు తెరిచారు. రోజూ రావాలి, మధ్యలో ఆపకూడదన్నాడు డాక్టరు. ఆయన ఆపొద్దన్నప్పుడల్లా ఊరు ఆగిపోయేది. ఓసారి బంద్, ఓసారి కర్ఫ్యూ. వెళ్లగలిగిన రోజు, ఆ బంద్‌కు పిలుపిచ్చింది నేనే అన్నట్టు చివాట్లు. ఎలాగో సూదులు ముగిశాక, కొన్ని నెలలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నాడు. తిండి మానేసినా, గొంతు మారినా, చొంగ కారినా దగ్గరికెళ్లకుండా కబురు చేయమన్నాడు.

అప్పట్నించీ లేవగానే దాని నీళ్ల గిన్నె చూడందే నాకు చాయ్ దిగేది కాదు. ఓ రోజు ఆలస్యంగా లేచి పెరట్లోకి పరుగెత్తాను. యజమానురాలు అప్పటికే గుమ్మంలో నిలబడి అటే చూస్తోంది.

"నీళ్లు తాగింది సార్. ఇగ మీరు చాయ్ తాగుండ్రి."

హయత్‌నగర్ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

గడువు దాటాక, ఇక భయం లేదని డాక్టరు చెప్పిన సాయంత్రమే తాడు విప్పాను. నా వంకైనా చూడకుండా నేరుగా ద్రాక్షతోట కంచె వైపు దౌడు తీసింది. వెనకాలే తాడుతో నేను.