గోడకూ నడుముకూ మధ్య అరచెయ్యి

మా బడి డ్రిల్లు సారు పోయారన్న కబురు నాకు ఆయన పీరియడులోనే అందింది. రెండేళ్ల కిందట ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉంది. ఆ పీరియడును మాత్రం నేను పదో తరగతి లెక్కలకు వాడుకుంటున్నాను. ఫోను జేబులో పెట్టుకుని, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసి, ఆ తర్వాతే పిల్లలకు చెప్పాను. మీకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

బడి తెరవగానే ఆయన చేసే మొదటి పని పిల్లల్ని వరండా గోడకు నిలబెట్టడం. పిరుదులు, వీపు, తల గోడకు ఆనాలి. అప్పుడు నడుము వెనక సందులో అరచెయ్యి దూర్చి చూసేవారు. ఆడపిల్లలు ఒకరికొకరు చూసుకునేవారు. చెయ్యి సులువుగా దూరితే సరే. అసలు దూరకపోయినా, పిడికిలి పట్టేంత సందున్నా ఆ పిల్లల్ని ఆయన మరిచిపోయేవారు కాదు. రోజూ గ్రౌండులో పక్కకు పిలిచి కసరత్తు చేయించేవారు.

ఒకసారి నేను అటుగా పోతూ, "కర్రలాగా నిలబడరా!" అని ఒక పిల్లవాణ్ణి గదిమాను. పిల్లల ముందు ఆయన ఏమీ అనలేదు. తర్వాత స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని మెల్లగా అన్నారు.

"సార్, కట్టె లెక్క బిగుసుకుంటే ఎట్ల? చెల్పూరు దిక్కు పోయే బొగ్గు లారీల కింద, చక్రాలకాడ ఇనుప పట్టీల కమాన్లు చూసిన్రా? వంపుగ ఎందుకుంటయి? అవి సాపుగుంటే గుంతల పడ్డప్పుడు దెబ్బంత ఏడ తగుల్తది? వెన్నుపూస గూడ గంతే. మెడకాడ లోపలికి, వీపుకాడ బయటికి, నడుంకాడ మళ్ల లోపలికి. గా వంపులే బరువును పంచుకుంటయి."

"మీ కమాన్లకు పరీక్షల్లో మార్కులు పడవు సార్," అన్నాను. నాతో పాటు ఆయన కూడా నవ్వారు.

దసరా సెలవులు అయిపోతే చాలు, రిజల్టు పేరు చెప్పి ఆయన పీరియడ్లు గుంజుకునేవాణ్ణి. ఎన్నడూ గొడవపడలేదు మహానుభావుడు. "తీసుకోండ్రి సార్. నడిమిట్ల ఒక్కపారి పిల్లలను లేపి నిలబెట్టుండ్రి, గంతే," అనేవారు. తలూపేవాణ్ణి. తలూపడానికి నాదేం పోయింది! ఆనుకోను పలక కూడా లేని బెంచీల మీద పిల్లలు పుస్తకాల్లోకి వంగి కూర్చునేవారు. ఒక్కనాడు కూడా లేపలేదు. మొన్న ఆయన పోయారని చెప్పగానే మౌనం పాటించడానికి వాళ్లంతట వాళ్లే లేచారు. నా క్లాసు నడుమ పిల్లలు లేచి నిలబడటం అదే మొదలు.

పోయినేడు నాకే నడుము పట్టేసింది. భూపాలపల్లిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. "ఇక్కడ లోపలికి ఉండాల్సిన వంపు సాపయింది సార్. బరువంతా కింది పూసల మీద పడుతోంది. కుర్చీల వంగి కూసునుడు ఎక్కువనా?" అని అడిగాడు. ఇదంతా నాకు స్టాఫ్ రూములో ఎన్నడో చెప్పినవారున్నారని ఆ డాక్టరుకేం తెలుసు.

ఆ సంగతి తెలిసి డ్రిల్లు సారు తన పాత స్కూటరు మీద మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ, "ఒక్కపారి గోడకు నిలబడుండ్రి సార్, చూస్త," అన్నారు. ఆయన మాటే నిజమైందన్న ఉక్రోషం నాకు. "ఇంకోసారి చూద్దాం లెండి," అని సాగనంపాను. ఇంకోసారి లేకుండా పోయింది.

మొన్న బడి నుంచి వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన్ను వాకిట్లో నేల మీద పడుకోబెట్టి ఉన్నారు. స్నానానికి లేపాలి. "నడుం దిక్కు మీరు పట్టుండ్రి సార్," అన్నాడు ఆయన తమ్ముడు. నొప్పిని ఓర్చుకుని వంగి, ఆయన నడుము కింద చెయ్యి పెట్టాను. నేలకూ నడుముకూ మధ్య నా అరచెయ్యి సులువుగా దూరింది.

"లేపుండ్రి సార్," అంటున్నాడు తమ్ముడు. అందరూ లేపుతున్నారు. నా చెయ్యి ఇంకా ఆ సందులోనే ఉంది.