మా కాలేజీలో చేర్చొద్దన్న మేడం

ఈశ్వరమ్మ మేడం ఇక లేరన్న కబురు నాకు కడపలో అందింది. అక్కడి ఒక కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు జరపడానికి వెళ్లాను. ఒక అమ్మాయి తాను వేసుకొచ్చిన ఇంటి ఖర్చుల ప్రణాళికను వివరిస్తుండగా మేడం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పొద్దున కాఫీ తాగి కుర్చీలోనే ఒరిగిపోయిందమ్మా" అన్నాడు. నా ముఖం చూసి ఆ అమ్మాయి ఆగిపోయింది. "నువ్వు చెప్పమ్మా" అన్నాను. విద్యార్థి మాట్లాడుతుండగా లేచిపోవడం మేడం దృష్టిలో మహాపరాధం. ఆ అమ్మాయి చెప్పేదంతా విన్నాను, మార్కులు వేశాను, ఆ తర్వాతే వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

కర్నూలులోని ఒక మహిళా కళాశాలలో హోమ్ సైన్స్ విభాగానికి జీవితం ధారపోసిన విదుషీమణి ఆమె. కుటుంబ ఆర్థికశాస్త్రం, వినియోగదారుల ఆర్థికశాస్త్రం బోధించేవారు. ఒక ఇల్లు తనకున్న డబ్బునూ నీళ్లనూ కాలాన్నీ ఎలా వాడుకోవాలి, అంగట్లో మోసపోకుండా ఎలా కొనుక్కోవాలి అన్నదే ఆ చదువు. "మన సీమలో సంసారం లెక్క బిందెతో మొదలైతాది. దుడ్లు ఆ తర్వాత" అని తొలి పాఠంలోనే చెప్పేవారు. ఇటువంటి సంస్మరణ వ్యాసాల్లో పోయినవాళ్లందరూ మృదుభాషులైపోతుంటారు. మా మేడం మృదుభాషిణి కారు. కుండ బద్దలుకొట్టినట్టు మాట్లాడేవారు. ఆ నిష్కపటత్వమే ఆమె విభూషణం, నా జీవితాన్ని నిలబెట్టిందీ అదే.

మాది కోడుమూరు దగ్గర పల్లె. వాన పడితేనే పంట. ఇంటర్ అయ్యాక ఈ డిగ్రీ చదువుతానంటే మా నాయన మద్దిలేటి వెంటనే ఒప్పుకున్నాడు. హోమ్ సైన్సంటే వంటా కుట్టూ నేర్పిస్తారని, మంచి సంబంధం కుదురుతుందని ఆయన ఆలోచన. నాకేమో ఉద్యోగం కావాలి. కాలేజీ ఎంపికలో పొరపాటు చేస్తే డిగ్రీ కాగితం మిగులుతుంది తప్ప విద్య మిగలదు, మరోసారి చదివించే స్తోమత మాకు లేదు. సీట్లిచ్చే కాలంలో ఇద్దరం కర్నూలు వచ్చి మేడం ముందు నిలబడ్డాం.

"యాడి నుంచి వస్తాండారప్పా?" అని అడిగారామె.

నాయన ఊరి పేరు చెప్పి, "పాపని ఈడ చేర్చల్లని వచ్చినాం మేడమ్మా. కాలేజీ మంచిదే గదా?" అన్నాడు.

"ఈ యేడు చేర్చొద్దు."

నాయన బిత్తరపోయాడు. ఊరికెళ్లాక ఆ ముచ్చట ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. "గంప నెత్తిన పెట్టుకొచ్చి, కాయలు బాగలేవు కొనొద్దనే మనిషిని ఆ పొద్దే చూసినా" అనేవాడు.

ఆమె మమ్మల్ని కాలేజీ వెనక్కి తీసుకెళ్లారు. అక్కడొక చిన్న ఇల్లుంది. ఈ డిగ్రీలో చివరి ఏడాది విద్యార్థినులు కొన్ని వారాలు అలాంటి ఇంట్లో కలిసి కాపురముండి సంసారం నడపాలి. ఒకరు వంట, ఒకరు అంగడి, ఒకరు ఖర్చు, వంతులవారీగా. ప్రాక్టీసు ఇల్లు అంటాం. తలుపుకు తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే విరిగిన బెంచీలు పైకప్పు దాకా కనిపించాయి.

"ఇది ఉంటేనే ఈ సదువు. లేకుంటే పుస్తకం బట్టీ కొట్టడమే. తాళం తీయండని అడగతానే ఉండా, తీస్తా లేరు. అంతవరకూ మీ పాప కాలం ఎందుకు పాడు చేయల్ల?" అన్నారు. తర్వాత మెట్టు మీద కూర్చుని, కాలేజీని ఎలా చూసుకోవాలో నాయనకు చెప్పారు. "చెప్పకుండా పోండప్పా. చెప్పి పోతే పెళ్లిచూపులే, అందరూ నవ్వుతాంటారు. ప్రాక్టీసు ఇల్లు చూపించమనండి. పొయ్యి చూడండి. పాలు పొంగిన మరక ఉంటే ఆ ఇంట్లో మనుషులుండారు. ఆడుండే పిల్లల్ని, దేనికి కొట్లాడుకున్నారమ్మా అని అడగండి. కొట్లాటే లేదంటే కాపురమే లేదని."

ఆ ఉపదేశం మూటగట్టుకుని కడప వెళ్లాం. మొదట చూసిన కాలేజీలో అద్దాల మేడ, మెరిసే గచ్చు. ప్రాక్టీసు ఇంటి పొయ్యికి అంగట్లో చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. "తనిఖీకి వచ్చినప్పుడే తెరుస్తాం. అందుకే ఇంత శుభ్రంగా ఉంటుంది" అని అక్కడి మేడం గర్వంగా చెప్పింది. నాయన పొయ్యి మీద వేలు రాసి, ఆ వేలు నాకు చూపించి, "పా, పోదాం" అన్నాడు.

రెండో కాలేజీ గోడలకు సున్నం పెచ్చులు లేచింది. ప్రాక్టీసు ఇంట్లోంచి మాడు వాసన వస్తోంది. లోపల అమ్మాయిలు వాదులాడుకుంటున్నారు. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు డ్రమ్ము నింపాల్సిన పిల్ల క్లాసుకు పోయిందట, ఆ కోపంలో వంట పిల్ల పప్పు మాడ్చిందట. దేనికి కొట్లాటని నాయన అడగడం ఆలస్యం, అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆయన ఓపికగా విన్నాడు. వాళ్లు పెట్టిన సంగటీ మాడిన పప్పూ తిని చెయ్యి కడుక్కుని, "ఈడ చేరు" అన్నాడు. ఆ ఇంట్లో నేర్చుకున్నదాన్ని పట్టుకునే ఈనాటికీ అన్నం తింటున్నాను.

చేర్చొద్దన్న ఆ మాటకు మేడం చెల్లించుకున్న మూల్యం నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆమె మా ఒక్కరినే వద్దనలేదు, వచ్చినవాళ్లందరికీ అదే నిజం చెప్పారు. ఆ యేడు విభాగంలో ఎవరూ చేరలేదు. కోర్సు ఎత్తేస్తామని యాజమాన్యం అంది. కూర్చున్న కొమ్మను నరుక్కుంటారా అని ప్రిన్సిపాల్ నిలదీశారు. మేడం ఇచ్చిన జవాబు ఇప్పటికీ మా స్టాఫ్ రూములో వేదవాక్యం. "తాళం తీయండి సార్, ఊరూరా పోయి నేనే పిలుచుకొస్తా. తీయకుండా పిలిస్తే మోసం. వినియోగదారుల పాఠం చెప్పేదాన్ని, నేనే కల్తీ సరుకు అమ్మల్లా?"

చివరికి తాళం తీశారు. ఆమె కొంగు బిగించి, బెంచీలు మోయడంలో అటెండర్లకు తానూ ఒక చెయ్యి వేశారు. ఆ వేసవంతా బస్సులెక్కి మంత్రాలయం వైపు, కోడుమూరు వైపు పల్లెల్లో తిరిగారు. "పోయినేడు వద్దంటి, ఈ యేడు రాండి" అనేవారు. మా ఊరొచ్చినప్పుడు నాయనే ఆమెను ఇంటింటికీ తిప్పాడు. "ఈమె వద్దంటే వద్దనే. రమ్మంటే నమ్మి పోవచ్చు" అని సాక్ష్యం చెప్పాడు. వద్దన్న నోటితో రమ్మంటే జనం నమ్మారు. తరగతి నిండింది.

గృహప్రవేశంలో పాలు పొంగించినట్టే, ప్రతి కొత్త జట్టూ ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు పాలు పొంగించాలని ఆమె ఆనవాయితీ పెట్టారు. జట్టు ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ మరక తోమకూడదు. ఒకసారి ఒక బుద్ధిమంతురాలు చింతపండేసి పొయ్యి తళతళలాడించింది. "బంగారట్లా మరక పాడు చేస్తివి గదమ్మే" అని మేడం ఆమె చేతనే మళ్లీ పాలు పెట్టించారు.

చదువు ముగిశాక నేను ఆ కర్నూలు కాలేజీలోనే అధ్యాపకురాలిగా చేరాను. మేడం పదవీ విరమణ చేశాక కూడా సీట్లిచ్చే కాలంలో వచ్చి ఆ ఇంటి మెట్టు మీద కూర్చునేవారు. తల్లిదండ్రులు మమ్మల్ని దాటుకుని నేరుగా ఆమె దగ్గరికే వెళ్లేవారు.

కర్మకాండ ముగిశాక నేను కాలేజీకి వెళ్లేసరికి ప్రాక్టీసు ఇంటికి తాళముంది. పాత జట్టు పరీక్షలై వెళ్లిపోయింది. పైగదులకు రంగులేస్తున్నారట, బెంచీలన్నీ తెచ్చి అందులో సర్దారు. నిలబడి చూస్తుండగానే మంత్రాలయం వైపు నుంచి ఒక రైతు కూతురితో వచ్చాడు. మెట్టు వైపు చూసి, "ఈడ కూర్చునే మేడమ్మ యాడమ్మా? మా అక్క బిడ్డని ఆమె మాట మీదే చేర్చినాం" అన్నాడు. పోయారని చెప్పాను. ఆయన కూతురిని ముందుకు జరిపి, "అయితే నువ్వే చెప్పు తల్లీ. పాపని ఈడ చేర్చొచ్చా?" అన్నాడు.

ఆయన్ను మెట్టు మీద కూర్చోబెట్టి ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఇప్పుడున్న ఆయన కొత్తవారు, అయినా మేడం కథ తెలియనివారు కారు. "బయట ఒక తండ్రి అడుగుతున్నాడు సార్. తాళం ఉంటే వద్దని చెప్తాను, లేకుంటే చేర్చమని చెప్తాను. ఏం చెప్పమంటారు?" అన్నాను. ఆయన బెల్లు కొట్టి అటెండర్ను పిలిచారు.

బెంచీలు బయటికి మోస్తుంటే ఆ రైతు కూడా లేచి ఒక పక్క పట్టుకున్నాడు. క్యాంటీన్ నుంచి పాలు తెప్పించి, ఆయన కూతురి చేతే పొయ్యి వెలిగించాను. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆ పిల్ల గబగబా గుడ్డ అందుకోబోతే వారించాను.

"చేర్చప్పా" అన్నాను.

మేడం, మీలాంటి మనిషి మాకు మళ్లీ దొరకరు. మీ మెట్టు ఖాళీగానే ఉంది, అక్కడ కూర్చునే అర్హత మాలో ఎవరికీ లేదు. ఇల్లు మాత్రం తెరిచే ఉంది.