ఏడు గంటల రీడింగ్

ఇందులోని ప్రతి అక్షరమూ నిజమని ముందుగా ప్రమాణం చేస్తున్నాను. నా కబుర్లు ఎరిగిన ఏలూరువాళ్ళు నవ్వుతారని తెలుసు. అందుకే దేవుడి జోలికి పోకుండా నా బీపీ మాత్రల మీద ఒట్టు వేస్తున్నాను. ఈ వయసులో నన్ను రోజూ కాపాడుతున్నవి అవే.

ఇవాళ ఉదయం ఏలూరులో సెల్‌ఫోన్ బాగుచేయించుకుంటుంటే, దుకాణదారు సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే దారంలా పొగ లేచింది. కాస్త కమ్మగా, కాస్త ఘాటుగా ఉండే ఆ వాసన తగలగానే నేను తాడేపల్లిగూడెంలో, కామేశ్వరిగారి ప్రయోగశాలలో ఉన్నాను. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే చిన్న పరిశోధనశాల అది. ఆవిడ దానికి పెద్ద, నేను టెక్నీషియన్ని. ఆవిడ అర్చకుల ఇంటి ఆడపడుచు. తండ్రి గర్భగుడిలో దీపం ఆరకుండా చూసుకున్నట్టే, ఆవిడ సర్క్యూట్ పలకలకు చెమ్మ తగలకుండా చూసుకునేవారు.

రాకెట్లలోనూ రక్షణశాఖ పరికరాల్లోనూ పెట్టే పలకలు అవి. ప్రయోగానికి ముందు నెలల తరబడి సముద్రపుగాలిలో ఉండవలసి వస్తుందట. వాటికి పూసే వార్నిష్ చెమ్మకు ఎంతకాలం ఆగుతుందో తేల్చే పనిని ప్రభుత్వం మాకు అప్పగించింది. గదిలో యంత్రంతోనే చెమ్మ పుట్టించవచ్చు. ఆవిడ మాత్రం, "యంత్రం చెప్పేది విన్నాం కదండీ, కొల్లేరు చెప్పేది కూడా విందాం" అని, సుబ్బరాజుగారి చేపల చెరువు గట్టు మీద వెదురు మంచె కట్టించి పలకల్ని అక్కడ ఆరుబయట పెట్టించారు. రోజూ పొద్దున్నే బస్సెక్కి, ఉంగుటూరు దాటి గుండుగొలనులో దిగి, అక్కణ్ణించి ఆటోలో చెరువుకు వెళ్ళి, సరిగ్గా ఏడింటికి మీటరు పెట్టి రీడింగ్ రాయడం నా పని.

ఒకరోజు ఆలస్యంగా తిరిగొచ్చి, మీటరును గూడబాతు మింగేసిందనీ, దాని గొంతు సంచిలో చెయ్యిపెట్టి లాగేసరికి ఇంత పొద్దెక్కిందనీ చెప్పాను. కామేశ్వరిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ కథ టీ దగ్గర ఇంకోసారి చెప్పండి శేషగిరిగారూ, బాగుంది. రిజిస్టర్లో మాత్రం అంకె ఒక్కటే రాయండి" అన్నారు.

ఆ రిజిస్టరుకో పద్ధతి ఉండేది. చెరపడం, తెల్లరంగు పూయడం కూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత, కింద ఉన్నది కనబడేలా. పక్కన సరైన మాట, ఆవిడ సంతకం, రాసినవాళ్ళ సంతకం, తేదీ. ఒకసారి నేను దిద్ది, తెలివిగా ముందురోజు తేదీ వెయ్యబోతే ఆపారు. "తప్పు నిన్నటిది. ఒప్పుకున్నది ఇవాళ కదండీ" అన్నారు.

ఓ ముసురు రోజున గుండుగొలనులో బస్సు దిగి, హోటల్లో పెసరట్టు తింటూ బయటికి చూశాను. వాన తగ్గేలా లేదు. సంచిలోంచి రిజిస్టరు తీసి, ముందురోజు అంకెను రవ్వంత తగ్గించి, ఏడు గంటల గడిలో రాసేసి, తిరుగు బస్సెక్కాను. మధ్యాహ్నం సుబ్బరాజుగారు గోనెసంచి మోసుకుంటూ ప్రయోగశాలకు వచ్చారు. సంచిలో మా పలకలున్నాయి, బురదతో.

"నిన్న సాయంత్రమే సర్కారువాళ్ళు మిషన్లతో వచ్చి గట్టు కొట్టేశారండీ. చెరువు సరస్సు జాగాలోకి వచ్చిందంట. మంచె పడిపోయింది. మీ సామాను నీళ్ళలో ఉంటే ఇందాకే ఏరించానండీ" అన్నారాయన.

కామేశ్వరిగారు రిజిస్టరు తెరిచారు. ఆ ఉదయం ఏడు గంటల గడిలో నా అంకె ముత్యంలా ఉంది. నావైపు చూశారు. నేను లేచి నిలబడి, "నేను వెళ్ళలేదండీ. హోటల్లో కూర్చుని రాశాను" అన్నాను. "పెసరట్టు బాగుందా?" అని అడిగారు. అంకె మీద గీత గీసి, పక్కన 'రీడింగ్ తీసుకోలేదు' అని రాసి సంతకం చేసి, కలం నాకిచ్చారు. నేనూ సంతకం పెట్టాను.

ఆ సంగతి ఆవిడే ప్రభుత్వానికి రాశారు. ఇద్దరు అధికారులు వచ్చి పేజీలన్నీ తిరగేశారు. "ఇదొక్కటేనా మేడమ్, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగారు. "ఒక్కటేనని నా నమ్మకమండీ. మీరూ నమ్మాలని అడగలేను" అన్నారావిడ. అన్ని నెలల రీడింగులనూ పక్కన పెట్టేశారు. పని ఇంకెక్కడికో వెళ్ళిపోయింది. మంచె మళ్ళీ లేవలేదు. ఆవిడ మిగిలిన సర్వీసంతా పిల్లలకు ప్రాక్టికల్స్ చేయిస్తూ గడిపారు. పోయిన వానాకాలంలో కాలం చేశారు.

ఇక నా ప్రమాణం సంగతి. గూడబాతు కల్పితమని మీరు ఎప్పుడో పట్టేసి ఉంటారు. నేను చెప్పవలసింది అది కాదు. ఆ మధ్యాహ్నం నేను లేచి నిలబడలేదు. "మీటరు అలాగే చూపించిందండీ" అన్నాను. ఆవిడ పెసరట్టు మాట అడగలేదు, ఆవిడకు తెలియదు. గీత గీసి, రాసి, సంతకం చేసి, కలాన్ని తెరిచిన పేజీ మీదే ఉంచి, సుబ్బరాజుగారిని సాగనంపడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి కలం అక్కడే ఉంది. అధికారులు వచ్చినరోజు నేను ఆ గదిలోనే టీ పోస్తున్నాను. రాసినవాళ్ళెవరని అడిగితే, "రిజిస్టరు నాదండీ" అన్నారావిడ. నేను నోరు విప్పినా వాళ్ళు నమ్మేవారో లేదో. కానీ ఒక్కటేనని తెలిసి చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

తాను రిటైరైన రోజున ఆవిడ ఆ రిజిస్టరు నా చేతిలో పెట్టారు. "ఇది ఎవరికీ అక్కర్లేదట. ఒక సంతకం మిగిలిపోయింది, చూడండి" అన్నారు. ఇన్నేళ్ళుగా అది మా బీరువాలో ఉంది.

అందుకే పైన నేను కల్పించింది చెరిపెయ్యలేదు. దాన్ని అలాగే ఉంచి, నిజం కింద రాశాను. ఇవాళ ఆ సెల్‌ఫోన్ దుకాణం నుంచి ఇంటికొచ్చి రిజిస్టరు తీశాను, సంతకం చేశాను. తేదీ దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. ఆ రోజు తేదీ వేస్తే కాదనేవాళ్ళు ఎవరూ లేరు.

ఇవాళ్టి తేదీయే వేశాను.